మీగడ పోయిన రూపాయి

చేవెళ్ల, శుక్రవారం రాత్రి

నా కోడిగీతల రాతను, తప్పులను మన్నించు లచ్చమ్మా. నువ్వున్నప్పుడు నోరు విప్పి చెప్పలేనివి, నువ్వు పోయాక ఈ నోటుబుక్కులో రాసుకుంటున్నాను.

పట్నంలో టంకశాలలో పనిచేసిన మీ అన్న నీకిచ్చిన రూపాయి గుర్తుందా? పెద్దలకు చూపడానికి ప్రత్యేకంగా అచ్చువేసినది. బొమ్మ చుట్టూ ఉన్న దాని నేల అద్దంలా ఉండేది. పైకి లేచిన చార్మినార్ మాత్రం మీగడలా తెల్లగా, మసకగా ఉండేది. నువ్వు దాన్ని గుడ్డలో చుట్టి దాచేదానివి, వేలు కూడా పెట్టనిచ్చేదానివి కాదు.

ఈరోజు కోడలు, మన మనవరాలి మెడకు రూపాయల పేరు, అదే దండ, చేయించాలని, ఇంట్లో ఉన్న రూపాయలన్నీ చింతపండుతో తోమింది. ఆ మసకను మురికి అనుకుంది.

"మామా, ఒక్కటి జర మబ్బుగ ఉండె. బూడిదేసి గట్టిగ రుద్దిన. ఇగ సూడుండ్రి, అన్నీ ఒక్కతీరుగ మెరుస్తున్నయి!" అని మురిసిపోయింది.

ఇక వాటిలో నీ రూపాయి ఏదో తెలియకుండా పోయింది. రేపు నగలు చేసే అవుసలి వచ్చి అన్నిటికీ కొక్కేలు అతుకుతాడు.

ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాను. మామూలు రూపాయల్లో మినార్లు మెత్తగా, కిటికీలు కలిసిపోయి ఉన్నాయి. ఒక్కదానిలో మాత్రం అచ్చు గట్టిగా పడి ప్రతి కిటికీ విడిగా ఉంది, అంచు బొటనవేలికి గుచ్చుకుంది. అది నీదే.

"ఏమైంది మామా, గట్లనే పట్టుకున్నరు?"

"ఏంలేదు బిడ్డా, మంచిగ తోమినవ్," అన్నాను.

ఇప్పుడది నా దిండు కింద ఉంది. మనవరాలి మెడలో వేయించనా, నీ గుడ్డలోనే మళ్లీ చుట్టనా? అవుసలి పొద్దున్నే వస్తాడు. జర జల్దీ కలలోకొచ్చి చెప్పు.