రెండు నుంచి మూడు దాకా నా గంట

నాన్నకు,

నీ రెండో కూతురు నమస్కరించి రాస్తున్నది. నేను ఇక్కడ క్షేమం. నువ్వూ అమ్మా, అక్కా దాని చంటిదీ బాగున్నారని నీ ఉత్తరంలో చదివి మనసు కుదుటపడింది. ఉత్తరం అంది ఇరవై రోజులు దాటింది. జవాబు ఆలస్యమైందని కోప్పడకు. రాయాల్సింది చాలా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తేలక ఇన్నాళ్ళూ ఆగాను.

ముందు నువ్వడిగినవి. దగ్గు పూర్తిగా పోయింది. అమ్మ అల్లి పంపిన స్వెట్టరుకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. పొడుగుది మడిచి వేసుకుంటున్నాను, ఆమెతో అనకు. గదిలో ఎలుకలు పోలేదు గానీ, వాటికి మేం బాగా అలవాటైపోయాం.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ రాసిన మాట. "రేడియో క్లబ్బులో ఉంటే ఉండు. మైకు ముందు మాత్రం కూర్చోవద్దు. ఓ మూల రాతపని చేసుకో. నీ నత్తికి పదిమంది నవ్వితే నేను తట్టుకోలేను" అన్నావు. ఆ ఉత్తరం శుక్రవారం అందింది. పోటీ శనివారం. నేను కూర్చున్నాను నాన్నా.

పోటీ అంటే మరేం లేదు. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా, ఎక్కడెక్కడి విద్యార్థుల క్లబ్బులూ తమ రేడియో సెట్ల మీద ఒకరినొకరు పిలుచుకుంటాయి. మన పిలుపు గుర్తు చెప్పాలి, అవతలివాళ్ళది వినాలి. వాళ్ళు మనకెంత బాగా వినిపిస్తున్నారో ఒక అంకె, ఇది మనకు ఎన్నవ పలకరింపో ఇంకో అంకె చెప్పి, వాళ్ళవి పుస్తకంలో రాసుకోవాలి. ఎక్కువమందిని పలకరించినవాళ్ళది గెలుపు. ఒకరకంగా నీ కండక్టరు పనే. ఎక్కినవాళ్ళ మొహాలు కనబడవు, అంతే తేడా.

మా గది ఫిజిక్స్ లాబుకి పైన. ఒకప్పుడు అందులో రసాయనాల సీసాలు పెట్టేవాళ్ళట, బల్లకి ఇంకా ఆ ఘాటు వదల్లేదు. కిటికీలోంచి ఏరియల్ తీగ బయటికి వెళ్ళి నీళ్ళ ట్యాంకు దాకా సాగుతుంది. మేం ఎనిమిదిమందిమి, పోటీ ఎనిమిది గంటలు. గోడ మీద ఫిజిక్స్ మేడం అంటించిన కాగితంలో రెండు నుంచి మూడు దాకా నా పేరుంది. అది దయతో రాసింది కాదు. రేడియోలో మాట్లాడే లైసెన్సు పరీక్ష నేనూ అందరిలాగే రాసి పాసయ్యాను.

ఆఖరి సంవత్సరం సీనియర్ ఒకతనున్నాడు. అందరికీ ఆర్డర్లు వేస్తుంటాడని కెప్టెన్ అంటాం. ఒంటిగంటన్నరకి మేం మూడో స్థానంలో ఉన్నాం. మిగతా క్లబ్బులు చెప్పే అంకెలు వింటే ఎవరెక్కడున్నారో తెలిసిపోతుంది. రెండు కావస్తుండగా, నా ముందు గంట వాడు కుర్చీ దిగాక, వచ్చాడు నా దగ్గరికి.

"నీ గంట నాకిచ్చెయ్. నీ మంచికే చెప్తున్నా."

"నా మంచి ఎ... ఎందులో ఉంది?"

"అదిగో, చూశావా? ఆ ఒక్క మాటకే ఇంతసేపు పట్టింది. గంటకి నలభైమందిని అందుకోవాలి. నువ్వు పదిమందినైనా అందుకుంటావా?"

"కాగితంలో పేరు నాది."

"అయితే చేతులెత్తించి అడుగుదాం. ఈమె గంట నాకివ్వాలనేవాళ్ళు ఎత్తండి."

ఐదు చేతులు లేచాయి. నా రూమ్మేటు మాత్రం ఎత్తలేదు. మేడం భోజనానికి వెళ్ళారు. గోడ గడియారంలో రెండు కొట్టడానికి ఇంకా నిమిషముంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అబద్ధం చెప్పను. కానీ ఆ నీళ్ళ వెనకాల ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీట నొక్కాను.

మీట నొక్కితే సెట్టు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. దీపం వెలిగితే గదిలో ఎవరూ నోరు మెదపకూడదు, మెదిపితే ఊళ్ళన్నిటికీ వినబడుతుంది. ఆ నియమం పెట్టింది కెప్టెనే. ఏదో అనబోయి నోరు తెరిచాడు, దీపం చూసి మూసుకున్నాడు. పైకి లేచిన చేతులు అలాగే లేచి ఉన్నాయి.

మా పిలుపు గుర్తులో చివరి అక్షరం 'బి'. ఇంకో అక్షరంలా వినబడకుండా రేడియోలో దాన్ని 'బ్రావో' అని పలకాలి. బడిలో చేరిన రోజు నుంచీ 'బ' నాకు పగవాడని నీకు తెలుసు. మిగతాదంతా వచ్చింది. అక్కడ పెదాలు అతుక్కుపోయాయి. అలాంటప్పుడు పక్కన నువ్వుంటే చటుక్కున మాట అందించేవాడివి. బడిలో నా పేరు నువ్వే చెప్పావు. డాక్టరుకి నొప్పెక్కడో నువ్వే చెప్పావు. నొప్పి కుడివైపైతే ఎడమవైపని చెప్పావు కూడా, పాపం ఆయన ఎడమవైపే నొక్కి నొక్కి చూశాడు. ఇక్కడ అందించేవాళ్ళు లేరు. ఎంతసేపు పట్టిందో తెలియదు. "బ్రావో" అన్నాను.

ఎంత దూరం నుంచో, ఏ క్లబ్బు మాస్టారో, ఒక పెద్దమనిషి గొంతు పలికింది. మాటలు ఇంగ్లీషువి, నీకోసం మన మాటల్లో రాస్తున్నాను. "మధ్యలో నీ సిగ్నల్ పడిపోయింది. మళ్ళీ చెప్పు" అన్నాడు.

మళ్ళీ మీట నొక్కాను. "సిగ్నల్ బాగానే ఉంది. నాకు న... నత్తి. ఆగండి."

గదిలో అందరి ముందూ, గది బయట ఎన్ని దేశాల ముందో, ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి.

"ఆగాను" అన్నాడాయన. అంతే. జాలి లేదు, మెచ్చుకోలు లేదు. నేను అంకెలు చెప్పాను, ఆయన తనవి చెప్పాడు, పుస్తకంలో రాసుకున్నాను. తరవాత ఇంకొకరు. ఒకడు విసుక్కుని మధ్యలోనే వెళ్ళిపోయాడు. ఇద్దరు నవ్వారు కూడా, నువ్వు భయపడ్డట్టే. వాళ్ళ అంకెలు కూడా రాసుకుని ముందుకు పోయాను. మూడింటికి కుర్చీ దిగేసరికి ఇరవై రెండుమంది.

మేం ఐదో స్థానంలో ఆగాం. మూడో స్థానానికి పదకొండు తక్కువ. ఫలితాలొచ్చిన రోజు కెప్టెన్ వరండాలో నన్ను ఆపాడు. "ఆ పదకొండూ నీ గంటలోనే పోయాయి" అన్నాడు. "అవును, నా గంటలోనే పోయాయి. గంట నాది" అన్నాను. నాతో మాటలు మానేశాడు. అతని బాధ నాకు అర్థమవుతుంది, రెండేళ్ళు కష్టపడ్డాడు. కానీ క్షమాపణ చెప్పలేదు, చెప్పను. వచ్చే పోటీకి నా పేరు ఒక గంటకి కాదు, రెండు గంటలకి రాయమని మేడాన్ని అడిగాను. "గొంతు జాగ్రత్త" అంటూ నా పేరు రాశారావిడ.

మీ బస్సు డిపో రికార్డు రూములో ఉద్యోగం ఖాళీ ఉంది, చదువవగానే చేరమన్నావు. అక్కడ ఎవరితోనూ మాట్లాడే పనుండదని రాశావు. అందుకే వద్దు నాన్నా. మీ పెద్ద సారుకి ఆ మాట చెప్పెయ్.

ఇప్పుడు ఇన్నాళ్ళూ దాచిన సంగతి. హాస్టల్ ఫోను పని చెయ్యదని, ఉత్తరాలే నయమని నీకు రాశాను. ఫోను బాగానే పని చేస్తుంది. నిరుడు నువ్వు చేసినప్పుడు నేను మెట్ల మీద నిలబడి, రూమ్మేటు చేత లేదనిపించాను. రెండోసారి చేస్తే నేనే ఎత్తాను. 'నాన్నా' అనబోతే రాలేదు. నువ్వు నాలుగుసార్లు "హలో" అని, లైను పోయిందనుకుని పెట్టేశావు. లైను పోలేదు. అవతల ఉన్నది నేనే. ఆ రోజంతా రిసీవరు చెవికి అంటుకున్నట్టే ఉంది. ఆ మర్నాడే ఫోను చెడిందని నీకు రాశాను.

ఇక ఉత్తరాల చాటున దాక్కోను. ఈ ఉత్తరం అందాక వచ్చే మొదటి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫోను చెయ్యి. నేనే ఎత్తుతాను. ఏమీ వినబడకపోతే నేను మాట్లాడుతున్నానని అర్థం. రోజంతా బస్సులో గొంతు చించుకునే మనిషివి, నీకు కష్టమే, తెలుసు. అయినా ఆ కాసేపు నోరు కట్టేసుకో. మాట అందించకు. పెట్టెయ్యకు.

ఇట్లు,
నీ మాట కాదని మైకు ముందు కూర్చున్న
నీ రెండో కూతురు