గట్టిగా మోగే ఫోను

శనివారం రాత్రి, మందమర్రి

మూడో తరగతి పిల్లకు ఫోనెందుకని ఇన్నాళ్లూ ఆగాను. బడి నుంచి వచ్చాక నేను పని నుంచి వచ్చేదాకా మా అమ్మాయి శ్రావ్య ఇంట్లో ఒక్కతే ఉంటోందని ఈరోజు ఉదయం దుకాణానికి తీసుకెళ్లాను. టచ్ ఫోన్ కోసం మారాం చేస్తుందనుకున్నాను. వాటి వైపు చూడనైనా లేదు. బటన్ ఫోన్లన్నీ ఒక్కొక్కటే మోగించమని అడిగి, అన్నిటికన్నా గట్టిగా మోగేదాన్ని పట్టుకుంది.

"గంత లొల్లి చేసేదెందుకే?" అన్నాను.

"బాపు గనిలకెళ్లి పైకి రాంగనే నాకు ఫోన్ చెయ్యాలె. నిద్రల ఉన్నా ఇనవడాలె గదా అవ్వా."

వాళ్ల బాపు రాత్రి బాగా పొద్దుపోయాక ముగిసే రెండో షిఫ్టుకు వెళ్లిన రోజుల్లో ఇది తొందరగానే నిద్రపోతుందనుకునేదాన్ని. మరి ఇన్నాళ్లూ...

మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరుతున్న మా ఆయనకు ఈ మాట చెప్పాను. గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇగ ముందుగాల బిడ్డకే చేస్త" అన్నాడు.

ఇందాక వెళ్లి చూశాను. ఫోను దిండు పక్కన పెట్టుకుని, కళ్లు మూసుకుని కదలకుండా పడుకుంది. నిద్రపోయిందో లేదో తెలుసుకోవాలనిపించి మెల్లగా పిలిచాను.

"బాపు ఇంకా చెయ్యలే అవ్వా" అంది, కళ్లు తెరవకుండానే.