తెర మీద నీ నంబరు

మార్చి 9, సోమవారం

పూజ్యులైన వదినగారికి మరదలు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం కులాసా. తమరు, అన్నయ్యగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఈ "గారు" చూసి నవ్వే ఉంటావు. తొమ్మిదేళ్ల తర్వాత రాస్తున్నాను కదా, నేరుగా నువ్వు అని మొదలుపెట్టడానికి చేయి రాలేదు. ఇక మామూలుగానే రాస్తాను.

అమ్మ మోకాళ్ల నొప్పి అలాగే ఉంది, నోరూ అలాగే ఉంది. నేను ఇప్పుడు కప్పులు చూసే పని చేస్తున్నాను. గోదాములు, ఫ్యాక్టరీ షెడ్లు ఎక్కడ కారుతున్నాయో డ్రోన్ ఎగరేసి ఫొటోలు తీసి, ఏ రేకు మార్చాలో రాసిస్తాను. పైలట్ అవుతానన్న పిల్ల చివరికి రేకుల డాక్టరైందని అమ్మ వీధి వీధంతా చెప్పుకుంటోంది.

అది దుకాణంలో ఎవరైనా కొనుక్కోగల మామూలు డ్రోనే. కానీ దాని పొట్టలో చిన్న రిసీవర్ ఉంది. మీ విమానాలు తమ నంబరు, ఎత్తు, వేగం రేడియోలో చెప్పుకుంటూ పోతాయి కదా, అది వాటిని వింటుంది. విని నా చేతిలో ఉన్న కంట్రోలర్ తెర మీద చిన్న బొమ్మ వేస్తుంది. దగ్గరికొస్తే పసుపు, మరీ దగ్గరికొస్తే ఎరుపు. పాపం, అది వినడమే తప్ప తిరిగి చెప్పలేదు. నువ్వెక్కడున్నావో నాకు తెలుస్తుంది, నేనెక్కడున్నానో నీకు తెలియదు.

నువ్వని ఎందుకన్నానంటే, ఈ చుట్టుపక్కల రోగుల్ని మోసే హెలికాప్టర్ మీదొక్కటే. మొదటిసారి ఆ నంబరు తెర మీద కనబడ్డ రోజు ఒక బడి కప్పు చూస్తున్నాను. పని ఆపేసి, అది తెర అంచు దాటిపోయేదాకా చూస్తూ ఉండిపోయాను. నడుపుతున్నది నువ్వో, మీ దగ్గరున్న రెండో పైలటో నాకేం తెలుసు? అయినా ప్రతిసారీ నువ్వే అనుకునేదాన్ని. నాలుగేళ్లుగా నీతో నాకున్న చుట్టరికం అంతే.

మీ మేడ మీద నీళ్ల ట్యాంకు గుర్తుందా? దాని మీద ఇద్దరం వెల్లకిలా పడుకుంటే వీపులు కాలిపోయేవి. నేను కళ్లు మూసుకుని శబ్దాన్ని బట్టి ఏ విమానమో చెప్పాలి, నువ్వు చూసి ఔనో కాదో తేల్చాలి. ఓడినవాళ్లు మీ నాన్న, అదే మా మామయ్య, టిఫిను డబ్బా తోమాలి. మెకానిక్ చేతులు కదా, డబ్బా నిండా నూనె మరకలే. నిజం చెప్పు, ఎక్కువసార్లు తోమింది నువ్వేగా.

ఒకరోజు పొలాలకు మందు చల్లే విమానం పైనుంచి పోతుంటే, దాని ఇంజను దగ్గుతోందన్నాను. మామయ్య నవ్వాడు. మర్నాడు హ్యాంగర్‌లో విప్పి చూస్తే నిజంగానే ఒక సిలిండర్ పాడైందట. సాయంత్రం ఇంటికొచ్చి నా చెవులు రెండూ పట్టుకుని ఊపి, కుందేలు అని పేరు పెట్టాడు. నువ్వు అలిగితే నిన్ను గద్ద అన్నాడు, మైలు దూరంలో తోక మీద అంకెలు చదివేదానివి కాబట్టి. ఆ రోజు నుంచి నా చెవులకు కొమ్ములు మొలిచాయి.

తర్వాత ఇద్దరం పైలట్ పరీక్షకు వెళ్లాం. నేను కళ్ల దగ్గర తప్పాను. నీకు లైసెన్సు వచ్చిన రోజు, భోజనాల దగ్గర నలుగురిలో, చెవులతో విమానం నడపరు కదే అన్నావు. సరదాకే అన్నావు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మాట పట్టుకుని తొమ్మిదేళ్లు కూర్చున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడు.

గత నెల జరిగింది అమ్మ చెప్పింది. ఫ్యాక్టరీ యార్డులో గాయపడ్డ మనిషి కోసం దిగుతుంటే, గోదాము కప్పు మీంచి డ్రోన్ ఎదురొచ్చిందనీ, దాన్ని తప్పించబోతే హెలికాప్టర్ తోక దీపస్తంభానికి తగిలిందనీ నువ్వు చెప్పావట. అతన్ని రోడ్డు మీద తీసుకెళ్లారు, ఆలస్యమైనా బతికాడు. కానీ నీ పక్కనున్న నర్సు డ్రోన్‌ను చూడలేదు, ఎక్కడా దొరకనూ లేదు. నువ్వే కంగారుపడి, లేనిదాన్ని చూశానంటున్నావని మొదటి నివేదికలో రాశారట. గురువారం విచారణలో అదే ఖాయమైతే నువ్విక ఎగరలేవని అమ్మ ఏడ్చింది.

శనివారం మామయ్యను చూసి వచ్చాను. బాగా చిక్కిపోయాడు. "దాని కంటికి లేనిది కనబడదే. కానీ ఇంతమంది అంటుంటే నాకూ అనుమానంగానే ఉంది" అన్నాడు. నా టీ చల్లారిపోయింది. తాగకుండానే వచ్చేశాను.

నువ్వు చూసింది నిజమే వదినా. నాకు ఏ అనుమానమూ లేదు. అన్నయ్యకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ మరదలు
కుందేలు

తా.క.: ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, ఆ డ్రోన్ నాది. ఆ రోజు గోదాము కప్పు చూస్తున్నది నేనే. తెర ఎర్రబడింది, నీ నంబరు కనబడింది. వెంటనే కిందికి దించాల్సింది. దించకుండా కళ్లు మూసుకుని విన్నాను. గాలి నా వైపు నుంచి నీ వైపుకు వీస్తోంది, నీ శబ్దాన్ని వెనక్కి నెడుతోంది. నీ శబ్దం సన్నగా, రైలు పట్టాల అవతల ఉన్నట్టు వినబడింది. తెర కంటే నా చెవులే నయమనుకున్నాను. దూరంగా పోతున్నావులే అని, మిగిలిన రెండు రేకుల కోసం డ్రోన్‌ను కప్పు అంచు దాటించాను. ఆ తర్వాత స్తంభం విరిగిన చప్పుడు విన్నాను. డ్రోన్‌ను దించి సంచిలో పెట్టుకుని పారిపోయాను. నెలంతా నోరు పెగల్లేదు.

నీ హెలికాప్టర్ ఎక్కడుందో, నా డ్రోన్ ఎక్కడుందో, సెకన్లతో సహా కంట్రోలర్‌లో ఉంది. ఈ ఉదయం దాన్ని విచారణ అధికారి చేతికిచ్చి, జరిగింది రాసి సంతకం పెట్టాను. గురువారం నేనూ వస్తాను. నాకేమవుతుందో తెలియదు, అయ్యేది కానీ.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు, మామయ్యతో పంపుతున్నాను. అంతా ఆయనకు చెప్పేశాను. నీ చేతిలో పెట్టి గుమ్మం బయటే నిలబడతాడట, కన్నకూతుర్ని నమ్మనివాణ్ని లోపలికి ఏ మొహం పెట్టుకుని పోనే అంటున్నాడు. నన్ను తర్వాత తిడుదువుగాని, ముందు ఆయన్ని లోపలికి పిలువు.