పాలకూర, నల్ల కళ్ళద్దాలు, వంకర గీతలు

మార్చి 2, ఉదయం
ప్రపంచ కంటివైద్యులారా, క్షమించండి. ఈ డైరీ బయటికొస్తే మీ పొట్ట కొట్టినవాణ్ణవుతాను. ఇక్కడి యూనివర్సిటీలో నా ప్రాజెక్టు: వలస వచ్చినవాళ్ళకు ముసలితనంలో కంటిజబ్బులు ఎందుకొస్తాయి? సిగరెట్లు, ఎండ, ఆకుకూరలు తినకపోవడం, వంశంలో ఉండటం. నేను ఇరవై మూడేళ్ళకే మేలుకున్నాను. నేటి నుంచి సిగరెట్ బంద్. మూడు పూటలా పాలకూర. గడప దాటితే నల్ల కళ్ళద్దాలు. ఎనభయ్యో ఏట గద్దలా చూస్తాను!

మార్చి 4
పాలకూర పప్పు, పాలకూర ఇడ్లీ. అద్భుతం! సర్వేలో మొదటి మనిషి, ఈ క్లేటన్ పేటలో తన ఇంటి వెనక గది నాకు అద్దెకిచ్చిన ఆనందబాబు అంకుల్. వాళ్ళమ్మకు చివర్లో చూపు పోయిందట. చూపు పరీక్షకని యూనిలో ప్రింట్ తీసిన గళ్ళ కాగితం ఇచ్చి, ఒక కన్ను మూసుకుని మధ్య చుక్కను చూడమన్నాను.
"గీతలు మధ్యలో వంగిపోయాయేంటి అబ్బాయ్? అంతంత ఫీజులు గుంజుతారు, మంచి ప్రింటర్ కొనుక్కోలేరా మీ యూనివాళ్ళు?"
నిజమే. ప్రింటర్ మార్చాలి. కాగితం వెనక సూచనలేవో ఉన్నాయి. తర్వాత చదువుతా.

మార్చి 7
నల్ల కళ్ళద్దాలతో లెక్చర్‌కి వెళ్ళాను. అది వేరే క్లాసని గంట తర్వాత తెలిసింది. కళ్ళద్దాలు చదువుకు హానికరం. తీసేశాను.

మార్చి 10, సాయంత్రం
ఇక పాలకూర మొహం చూడలేను. విరామం. పెరటి షెడ్డు వెనక అంకుల్ సిగరెట్‌తో దొరికారు.
"మీ ఆంటీకి చెప్పకు అబ్బాయ్."
రహస్యం నిలవాలంటే నేనూ భాగస్తుణ్ణి కావాలి. కేవలం ఆ ఉద్దేశంతో ఒకటి. సరే, మూడు.
ఇంకో ప్రింటర్‌లో తీసిన కాగితం చూపించాను. "ఇదీ వంకరే!"

మార్చి 13
అంకుల్ కారు తిప్పుతూ వీధి చివర చెత్త బిన్‌ను గుద్దారు. "నిన్న ఇది ఇక్కడ లేదే" అన్నారు. ఆదివారం తెలుగు చర్చికి ముసలమ్మలందరినీ తీసుకెళ్ళేది ఈయనే!
ఇంట్లో జ్ఞానకుమారి ఆంటీ నా గళ్ళ కాగితాల మీద క్రాస్ స్టిచ్ కుట్టుకి డిజైన్ గీస్తోంది. "ఎంత తిన్నగా ఉన్నాయి నాన్నా ఈ గళ్ళు! ఇంకో పది తెచ్చిపెట్టు."
తిన్నగానా?! ఒక కాగితం లాక్కుని తిప్పాను. వెనక సూచనలు చదివాను. గీతలు వంకరగా కనిపిస్తే వెంటనే కంటి డాక్టర్‌ను కలవాలి.
"వెళ్దాం అంకుల్."
"లైసెన్స్ లాక్కోవడానికా? ప్రింటర్‌కి రోగమొస్తే నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానంటావేంటి?"

మార్చి 16
ప్రతిజ్ఞ రేపటి నుంచి మళ్ళీ. పాలకూర ఒక్క పూటే. కళ్ళద్దాలు ఎండలోనే. సిగరెట్లు అంకుల్, నేను కలిసి మానేస్తాం.
ఇన్నాళ్ళలో నేను నిజంగా చేసిన పని ఒక్కటే. ఒప్పుకుంటున్నాను. కొత్త ప్రింటర్ కొంటున్నా, బేరమాడిపెట్టండని అబద్ధమాడి, అంకుల్‌ను కారెక్కించి, కంటి డాక్టరమ్మ ముందు దించాను. ఇంకొన్నాళ్ళు ఆగుంటే, గీతల్ని వంకరగా చూసిన ఆ కన్ను దక్కేది కాదట. ఇవాళే ఇంజెక్షన్ వేశారు.
అంతకు ముందు డాక్టరమ్మ తన గళ్ళ కాగితం చేతికిచ్చింది. అంకుల్ దాన్ని శ్రద్ధగా చూసి, నా చెవిలో అన్నారు:
"ఇక్కడ కొనొద్దు అబ్బాయ్. వీళ్ళ ప్రింటరూ పోయింది."