ఇంకుప్యాడు జేబులో పెట్టుకున్న రోజు

నాయనా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఇవాళ నువ్వు అటెండరుగా పనిచేసిన కొడవలూరు బ్రాంచికి మీ బ్యాంకు సీఈఓ మేడం వచ్చింది. చదువు రానివాళ్లు కూడా ఫోన్‌లోనే బ్యాంకు పని చేసుకునే కొత్త యాప్‌ను మన దగ్గరే మొదలుపెట్టింది.

ఉపన్యాసం మధ్యలోనే వేదిక దిగి, నాట్లకు పోయే రమణమ్మవ్వ పక్కన కూర్చుని ఫోన్ చేతికిచ్చింది. అవ్వ గబుక్కున వేలు పెట్టబోతే ఫోన్ ఒప్పుకోలేదు. ముందు ఆ యాపే విషయమంతా తెలుగులో పైకి చదివి, "అర్థమైందా? లేకుంటే మళ్లీ చెప్తాను" అంది. అవ్వ "అయింది" అన్నాకే వేలిముద్ర తీసుకుంది.

"ఇదేందమ్మా, అచ్చం మా వెంకయ్య మాదిరే అడగతా ఉండాదే!" అంది అవ్వ నిన్ను తలుచుకుని.

మేడం మైకులోనే గొంతు తగ్గించింది. "ఆయన నేర్పిందే అవ్వా. నేను ఇక్కడ కొత్త ఆఫీసరుగా ఉన్నప్పుడు, కాగితం చదివి వినిపించకుండానే ఒకామె చేత వేలిముద్ర వేయించబోయాను. వెంకయ్య గారు ఇంకుప్యాడు మూసి ఖాకీ చొక్కా జేబులో పెట్టుకున్నారు. నేను చదివేదాకా తియ్యలేదు. ఆ కోపంతో ఆయనకు మెమో ఇప్పించాను."

ఆ మెమో ఎందుకొచ్చిందో అమ్మ ఎన్నిసార్లు అడిగినా నువ్వు చెప్పలేదు. ఇంత పెద్ద బ్యాంకును నడిపే మనిషి ఊరందరి ముందు తన తప్పు చెప్పుకుంది. ఆ రోజు నువ్వు పట్టిన పట్టునే ఇన్ని ఊళ్ల ఫోన్లలోకి ఎక్కించింది.

ఇంటికొచ్చి నా ఫోన్‌లోనూ ఆ యాప్ వేసుకున్నాను. అంతా చదివి, "అర్థమైందా?" అని అడిగింది.

"అయింది నాయనా" అన్నాను.