గంగులమ్మ అవ్వ అడిగిన మాట

ధర్మవరం, 1938

నాయనకు రూతమ్మ వందనాలు. నా జ్వరం విడిచింది, దిగులుపడవద్దు.

నిన్న సువార్త చెబుదామని మగ్గాల వీధికి వెళ్లాను. అరుగు మీద గంగులమ్మ అనే అవ్వ కళ్లు ఆనక, చిక్కుపడ్డ పట్టుతో విసిగిపోతోంది. పక్కన కూర్చుని పోగు పోగూ విడదీశాను. ఎండ పడి ఆ పట్టు ఏటినీళ్లలా మెరుస్తుంటే, ఆమెతో కబుర్లలో పడి వాక్యం చెప్పడమే మరిచిపోయాను. లేవబోతుంటే అవ్వ అడిగింది: "ఏమ్మీ, మీ దేవుడు గూడా నీ మాదిరే మెల్లగా మాట్లాడతాడా?"

అవునన్నాను. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఇంకా కలలోనే ఉన్నట్టుంది.

మేక ఈనిందా? అమ్మకు కాలినొప్పి తగ్గిందా?

మీరు కసిరితే వెళ్లిపోయిన తమ్ముడు యోనా, క్రిస్మస్‌కు పెనుకొండలో మన ఇంటికి వస్తానని నాకు రాశాడు. వాకిట్లో వాణ్ణి చూసినప్పుడు ప్రభువు మీ గొంతులో ఉండును గాక.

మీ రూతమ్మ