ఒక్క ఆవుకు సరిపడా మందు

నవంబర్ 9, బుధవారం

అన్న లెమాయన్ ఫోన్ చేశాడు. ఏటి అవతల వాన పడి గడ్డి మోకాలెత్తు లేచిందట. పశువుల్ని అక్కడికే తోలాడట. అడగడానికి కాదు, చెప్పడానికి చేశాడు.

అది అడవి గేదెలు మేసే చోటు, వద్దన్నాను. నా ఉద్యోగమే ఆ గేదెల రక్తం పరీక్షించడం. వాటి ఒంట్లో ఉండే క్రిమి వాటినేమీ చేయదు. వాటిని కుట్టిన పిడుదు మన ఆవు చెవిలోకి ఎక్కితే మాత్రం ఆవు దక్కదు. వ్యాక్సిన్ వేయించాం కదా అన్నాడు లెమాయన్. గేదెల నుంచి వచ్చేదాన్ని ఆ వ్యాక్సిన్ ఆపలేదని మళ్లీ చెప్పాను.

ఇవతల ఉంటే ఆకలితో చస్తాయి చెల్లీ, ఏం పెట్టమంటావో నువ్వే చెప్పు అన్నాడు.

అదీ నిజమే. ఇవతల మట్టి తప్ప ఏమీ లేదు.

నవంబర్ 15

ఫోన్ లేదు. బాగానే ఉన్నట్టున్నాయి.

నవంబర్ 23, సాయంత్రం

ఇంటికొచ్చాను. నల్లావు మేత మానేసిందని పొద్దున అన్న ఫోన్. దారి పొడవునా బైకు వెనక కూర్చుని, వేరే ఏదో జబ్బు అయ్యుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. దాని చెవి కింద చెయ్యి పెట్టాను. పిడుదు జబ్బుకు మొదట లేచే గడ్డ, నిమ్మకాయంత ఉంది.

ఈ నల్లావు నారోక్, అమ్మది. అమ్మ కాపురానికొచ్చినప్పుడు తాతయ్య తోలిచ్చిన ఆవుకు మనవరాలు. ఇప్పుడు చూలుతో ఉంది.

నేను దిగేసరికి అమ్మా వదినా ఎప్పటిలాగే తగువులో ఉన్నారు. మీ వదిన కడిగిన సొరబుర్రలో పోస్తే పాలే ఏడుస్తాయే అంది అమ్మ. పిడుదు కూడా మీ అమ్మ నాలుక పట్టుకుంటే సిగ్గుపడి వదిలేస్తుంది అంది వదిన నూలారి, చంకలో పాపను సర్దుకుంటూ. నవ్వొచ్చింది. తర్వాత నారోక్ దగ్గింది. ముగ్గురం దాని దగ్గరికి వెళ్లాం.

నవంబర్ 24

గడ్డలోంచి చుక్క తీసి స్లైడ్ మీద చూశాను. అదే.

పొద్దున రెండు గిత్తలు పోయాయి. మధ్యాహ్నం వదిన ఎర్రావు నాదోకి జ్వరమెక్కింది. మొన్ననే ఈనింది. పాప తాగేది దాని పాలే, వదినకు తిండి లేక పాలు ఎండిపోయాయి.

నా సంచిలో ఉన్న మందు ఒక్క ఆవుకు సరిపోతుంది. పట్నంలో దుకాణాలన్నిటికీ ఫోన్ చేశాను. అందరి పశువులూ జబ్బు పడ్డాయి, ఎక్కడా సీసా లేదు. చెరి సగం వేస్తే రెండూ పోతాయి.

వదిన నన్ను దొడ్డి వెనక్కి లాక్కెళ్లింది. అత్తకు చెప్పకు, మందు నారోక్‌కి వెయ్యి అంది. మరి పాపకో అన్నాను. ఏ ఇంటికో వెళ్లి అడుక్కొస్తాను, అది నా తిప్పలు, ఆ ఆవు పోతే ముసలావిడ దాని వెనకే పోతుంది, ఆవిడ తిట్లు లేకుండా నాకు ఈ ఇంట్లో పొద్దు గడుస్తుందా అంది.

పొయ్యి దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. మందు ఎర్రావుకు పొడిచెయ్ అంది. పసిదాని నోటి దగ్గరి పాలు తీసి నా ఆవును బతికించుకుంటే ఆ బతుకు నాకెందుకే అంది. మీ వదినకు మాత్రం చెప్పకు, నెత్తికెక్కి కూర్చుంటుంది.

ఇద్దరికీ సరేనన్నాను.

నవంబర్ 24, చీకటి పడ్డాక

నాదోకి వేశాను.

నవంబర్ 27, ఆదివారం

నారోక్ పోయింది. ముక్కుల్లోంచి నురగ. ఊపిరి కోసం మెడ చాచింది, ఎవరో పిలిస్తే చూసినట్టు. అమ్మ దాని తల ఒళ్లో పెట్టుకుని, ఏటి అవతలి నుంచి తెచ్చిన పచ్చగడ్డి పరక దాని నోట్లో పెట్టింది. మీ అమ్మమ్మ దగ్గరికి పో, నాకు నువ్వేం బాకీ లేవు అంది. కడుపులో దూడ కాసేపు కదిలింది. ఆ తర్వాత అదీ లేదు.

వదిన అందరి ముందూ నా మీద విరుచుకుపడింది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అడిగాను, వినలేదు, చదువుకున్నదానివి కదా అంది. అమ్మే చెప్పింది. దాన్నెందుకు అంటావ్, వేయమంది నేను, ఏడుపు ఆపి నీ ఆవుకు నీళ్లు పెట్టు అంది.

వదిన నీళ్లు పెట్టలేదు. అమ్మ పాదాల దగ్గర కూలబడింది. అమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది. నా కళ్లతో అది చూడటం మొదటిసారి.

నవంబర్ 29

నాదో గడ్డి కొరికింది! జ్వరం తగ్గింది. వదిన పిండితే అడుగున గుక్కెడు పాలు. ముందు అమ్మకే ఇచ్చింది. అమ్మ వాసన చూసి, పాపకు పట్టింది. అన్న నాలుగు రోజుల తర్వాత మొక్కజొన్న ఉగాలి ముద్ద తిన్నాడు. నేను కూడా.

డిసెంబర్ 2

నాదోకి మళ్లీ జ్వరం, ఆయాసం. మందు లేదు. ఉన్నా లాభం ఉండేది కాదేమో.

డిసెంబర్ 3

నాదో పోయింది. మిగతా ఆవులూ దూడలూ ఈ వారంలోనే పోయాయి, ఇదే ఆఖరిది.

పొద్దున అన్న అలవాటు కొద్దీ దొడ్డికి అడ్డం పెట్టిన ముళ్లకంప పక్కకు లాగాడు. బయటికి రావడానికి ఏమీ లేవు. కంపను తిరిగి పెట్టలేకా, అక్కడినుంచి కదలలేకా, ఎండ ఎక్కేదాకా అలాగే నిలబడ్డాడు. వదిన వెళ్లి చెయ్యి పట్టి తీసుకొచ్చింది.

మందు నారోక్‌కి వేసుంటే బతికేదా అని వదిన అడిగింది. అమ్మ వింటోంది. బతికేది కాదన్నాను.

నాకు తెలియదు.

డిసెంబర్ 14

పనికి తిరిగొచ్చాక, అడవి క్యాంపులో ఒక ఆడ అడవి గేదెకు మత్తిచ్చి పడుకోబెట్టాం. రక్తం తీశాను. లే, మత్తు దిగుతోంది, పొడుస్తుందని వెనకనుంచి కేకలు. లేవబుద్ధి కాలేదు. ఎన్నాళ్ల తర్వాతో, హాయిగా ఊపిరి తీసుకుంటున్న పశువు పక్కన కూర్చున్నాను.